నాలుగు రోజుల చుంకింగు, ఎనిమిది నెలల గారెలు

ప్రయాణాలు చేసేవాళ్ళను చూస్తే నాకు జాలి. ప్రయాణానికి ప్లాను వేసేవాళ్ళను చూస్తే మాత్రం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మీరు నవ్వుతారని తెలుసు. నవ్వే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఊరు వెళ్ళి వచ్చినవాడికి మిగిలేదేమిటి? కాళ్ళ నొప్పులు, అజీర్తి, మాసిన బట్టల మూట. ప్లాను వేసినవాడికో? వెళ్ళబోయే ఊరు ఎన్నాళ్ళైనా వెళ్ళబోయే ఊరుగానే ఉంటుంది. అక్కడ దోమ కుట్టదు, పెట్టె పోదు, వాన కురవదు. ఈ రెంటిలో ఏది మేలు?

బెజవాడలో మా మేనమామ ఒకాయన ఉండేవాడు. ఒకనాడు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, "కాశీ వెళ్ళొస్తానే అక్కయ్యా" అని మా అమ్మతో చెప్పి గుమ్మం దిగాడు. మా అత్తయ్యకు కూడా చెప్పలేదు. వెళ్ళాడు, గంగలో మునిగాడు, వచ్చాడు. పాపం, ఆయనకు దక్కిందేమిటి? కాశీ ఒక్కటే! కమిటీ లేదు, మ్యాపు లేదు, గొడుగు మీద చర్చ లేదు. ప్లాను సుఖం ఎరగకుండానే కాలం చేశాడు.

ఇంగ్లండు వచ్చాకే నాకు ఈ జ్ఞానం కలిగింది. ఇక్కడ పంటి డాక్టరును చూడాలంటే ప్లాను. పక్కింటి ఆవిడ టీకి రావాలంటే ప్లాను. క్యాలెండరులో గుర్తు పెట్టుకుని మూడు వారాల తర్వాత వస్తుంది, వాతావరణం గురించి మాట్లాడి వెళ్తుంది. అదే మాట గోడ అవతలి నుంచి చెప్పి ఉంటే ఆ రోజే అయిపోయేది కదా అని నేను మొదట్లో అనుకునేదాన్ని. తెలియనితనం. ఈ దేశంలో చావుకు కూడా ముందుగానే నెలనెలా డబ్బు కట్టుకుంటారు. ఇక బతుకు సంగతి చెప్పాలా?

మేముండేది స్విండన్‌లో, ఓల్డ్ టౌన్ అనే గుట్ట మీద. మా అబ్బాయి యజ్ఞనారాయణ ఇక్కడి ఆస్పత్రిలో మత్తు డాక్టరు. కోడలు హైమావతి కూడా డాక్టరే. వారానికి మూడు పూటలు ఒక జీపీగారి సర్జరీలో, అంటే వీధి డాక్టరు క్లినిక్కులో కూర్చుని దగ్గులూ జలుబులూ చూసి మందు చీటీలు రాస్తుంది. మనవరాలు శాంతకు పదేళ్ళు. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను ఈ ఇంటికి వచ్చింది శాంత పుట్టినప్పుడు, ఆరు నెలలు ఉండి పోదామని. అదీ ఒక ప్లానే.

పోయిన దీపావళి నాడు మావాడు ఆస్పత్రి నుంచి వస్తూనే ఒక కబురు తెచ్చాడు. చైనా నడిమధ్యలో చుంకింగ్ అనే మహానగరం ఉందట. అక్కడి ఆస్పత్రిలో మత్తుమందు లేకుండా, ఒంటికి సూదులు గుచ్చి, మనిషి మెలకువగా ఉండగానే ఆపరేషను చేసేస్తారట. ఆ వింత చూపించడానికి లండన్‌లోని డాక్టర్ల సంఘం ఒకటి వచ్చే సెప్టెంబరులో నాలుగు రోజుల యాత్ర పెట్టిందట. ఒక్కో డాక్టరు ఇంట్లోవాళ్ళను ఇద్దరిని వెంట తెచ్చుకోవచ్చు. పిల్లలను మాత్రం రానివ్వరు.

"మత్తుమందు లేకుండానా? మరి నీ ఉద్యోగం?" అన్నాను.

"అదే చూసి రావాలమ్మా" అన్నాడు.

ఒక డాక్టరు, వెంట ఇద్దరు. మావాడు, హైమ, నేను. సరిగ్గా సరిపోయింది అనుకున్నాను. నాకు వెళ్ళాలని ఉంది. దాచుకోవడం ఎందుకు? ఇన్నేళ్ళలో నేను చూసిన ఇంగ్లండు మా వంటిల్లు, శాంత బడి గేటు, లండన్ సౌతాల్‌లో మనవాళ్ళ ఎండుమిరపకాయల కొట్టు. పైగా చైనాతో నాకు పాత పేచీ ఒకటి ఉంది. అరవై రెండులో యుద్ధం వచ్చినప్పుడు బెజవాడ సభలో చేతి గాజు తీసి రక్షణ నిధికి ఇచ్చాను. ఎవరి మీద ఇచ్చానో వాళ్ళ ముఖం ఒక్కసారైనా చూడవద్దా?

ఆ మాటే మావాడితో అన్నాను.

"అక్కడ మాత్రం ఆ సంగతి ఎత్తకమ్మా" అన్నాడు.

ఎత్తకు అన్నాడంటే తీసుకెళ్తున్నట్టే కదా అని సంతోషించాను. అప్పటికి ప్లాను మొదలు కాలేదు మరి.

ప్లాను మూర్తి చేతిలో పెట్టారు. మూర్తి మావాడి ఆస్పత్రిలోనే ఎముకల డాక్టరు. మా కృష్ణా జిల్లావాడే, నన్ను పిన్నిగారూ అని పిలుస్తాడు. అతనూ, భార్య వైదేహి కూడా చుంకింగ్ వస్తున్నారు. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళు, హాస్టళ్ళలో ఉన్నారు. మూర్తికి పని చేయడం కన్నా పనిని పంచడం ఇష్టం. మొదటి ఆదివారమే మా ముందు గదిలో చలికి వెలిగించే గ్యాస్ ఫైరు పైన చైనా మ్యాపు అంటించాడు. వాల్‌పేపరు నిండా పిన్నులు గుచ్చాడు. సూదులతో మత్తు ఇవ్వడం అక్కడిదాకా వెళ్ళి చూడాలా అనిపించింది నాకు. ఆ పిన్నులు చూస్తూ కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడేవి.

కమిటీ ఏర్పడింది. మూర్తి ఛైర్మన్. మావాడు సెక్రటరీ. హైమ మినిట్స్ రాస్తుంది. వైదేహి బట్టల సబ్‌కమిటీ. నాకు గారెలు.

ప్రతి ఆదివారం మీటింగే. మంచు పడినా ఆగలేదు. లారీలవాళ్ళు స్ట్రైకు చేసి షాపుల్లో సరుకు లేనప్పుడూ ఆగలేదు. ఆస్పత్రిలో వార్డులు తుడిచేవాళ్ళు పని మానేసి, చెత్త వీధుల్లో పేరుకుని, దేశమంతా ఎక్కడిదక్కడ నిలిచిపోయిన ఆ చలికాలంలో ఇంగ్లండులో సవ్యంగా నడిచినవి రెండే. చుంకింగ్ కమిటీ, నా మినప్పిండి రుబ్బుడు.

మొదటి నెలంతా గొడుగు మీదే గడిచింది. చుంకింగులో పొగమంచు, ముసురు. గొడుగా, రెయిన్ కోటా? వైదేహి ఒక చిక్కు బయటపెట్టింది.

"మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలండీ. గొడుక్కి ఒక చెయ్యి. హ్యాండ్‌బ్యాగుకి చెయ్యేదీ?"

"గుడ్ పాయింట్" అన్నాడు మూర్తి. మినిట్స్‌లో రాయించాడు: మూడో చెయ్యి, పరిశీలించాలి.

నాకు ఉండబట్టక ఒకరోజు గారెల పళ్ళెం పెడుతూ అడిగాను. "అక్కడ మనం దిగేది ఏ హోటల్లో నాయనా?"

"అది వాళ్ళే చెప్తారు పిన్నిగారూ. అక్కడంతా ప్రభుత్వమే."

"తినేదేమిటి?"

"వాళ్ళే పెడతారు."

"చూసేదేమిటి?"

"వాళ్ళే చూపిస్తారు. గైడు వెంటే ఉంటాడు. మనంతట మనం తిరగడానికి ఉండదు."

"మరి ఇన్నాళ్ళబట్టీ మీరు చేస్తున్న ప్లాను ఏమిటి?"

మూర్తి మ్యాపు మీది పిన్ను ఒకటి పీకి, మళ్ళీ అక్కడే గుచ్చాడు. "కంటింజెన్సీ. ముందు జాగ్రత్త" అన్నాడు. అందరూ తేలికపడి గారెలు అందుకున్నారు. నేను వెళ్ళి ఇంకో వాయి వేశాను.

చూశారా మహిమ? చేయడానికి ఏ పనీ లేని చోట కూడా నెలల తరబడి పని పుట్టించగలిగింది ప్లాను ఒక్కటే! మా మేనమామ కాశీలో సత్రం వెతుక్కోవలసి వచ్చింది, అదీ ఒక పనేనా?

మార్చిలో మూర్తి వంటింట్లోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. ఆస్పత్రిలో పంచాంగం మాటెత్తితే నవ్వే మనిషి.

"పిన్నిగారూ, ఊరికే అడుగుతున్నా. బయల్దేరేది మంగళవారం పొద్దున. రాహుకాలం ఏమన్నా తగులుతుందా?"

"ఏ ఊరి గడియారం ప్రకారం చూడమంటావు? స్విండనా, చుంకింగా?"

"అది ఆలోచించలేదు" అన్నాడు.

తర్వాతి రెండు ఆదివారాలూ దానికే సరిపోయాయి. విమానం ఏ దేశం మీద ఎగురుతుంటే ఆ దేశపు రాహుకాలం వర్తిస్తుందా, లేక టికెట్టు కొన్న దేశానిదా? ఇంత చదువుకున్నవాళ్ళు తలలు పట్టుకుని కూర్చుంటే నాకు ముచ్చటేసింది.

ఇంతకీ ఆ ఊరు ఎలాంటిదో ఎవరికీ తెలియదు. హైమ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి, చదివి తెలుగులో చెప్పింది. కొండల మీద కట్టిన ఊరట. ఒకరి గుమ్మం ముందు ఇంకొకరి డాబా ఉంటుందట. వీధులు ఉండవలసిన చోట మెట్లు ఉంటాయట. కింద రెండు నదులు కలుస్తాయి. ఎండాకాలం కొలిమిలా ఉంటుంది. జనం చెమటలు కక్కుతూనే మిరపకాయలు తింటారు.

"ఇది బెజవాడే కదే" అన్నాను.

"కాదత్తయ్యగారూ, చుంకింగ్."

"రెండో నది ఒక్కటేగా తేడా."

నేను పుట్టి పెరిగింది బెజవాడ కొండవాలు మీద. మా ఇంటి దొడ్డిగోడ ఎక్కితే పైవాళ్ళ వీధరుగు. పెళ్ళయ్యేదాకా నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఆ మెట్ల మీదే తిరిగాను. మే నెలలో బండలు కాళ్ళను అట్ల పెనంలా కాల్చేవి. అలాంటి ఊళ్ళో నడవడం గురించి నాకు కాస్తో కూస్తో తెలుసునని చెప్పాను. హైమ కలం ఎత్తింది. మూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదే పిన్నిగారూ నా భయం. ఆ మెట్లు. మీ మోకాళ్ళు."

"నా మోకాళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు. అయ్యే వయసు."

ఎముకల డాక్టరంటే అలా ఉండాలి. చూడకుండానే చెప్పగలగాలి. చూస్తే బాగున్నాయని తేలిపోయే ప్రమాదం ఉంది కదా! కమిటీకి కావలసిన మినప్పప్పు, నూనె, బంగాళాదుంపలు చక్రాల సంచిలో పెట్టుకుని కింద మార్కెట్టు నుంచి ఓల్డ్ టౌన్ గుట్ట పైకి లాక్కొచ్చేది ఈ మోకాళ్ళతోనే. మేడ మీదికి ఉతికిన బట్టల బుట్ట మోసేదీ వీటితోనే. అప్పుడు వీటికి వయసు రాదు. చుంకింగ్ అన్న మాట వినపడగానే వస్తుంది. వైద్యశాస్త్రం ఈ జబ్బుకు ఇంకా పేరు పెట్టినట్టు లేదు.

ఆ తర్వాతి వారం నా కడుపు అజెండాలోకి వచ్చింది.

"అక్కడ నీకు తిండి కుదరదమ్మా. అన్నిట్లోనూ పంది కొవ్వు వేస్తారు" అన్నాడు మావాడు.

"ఆవకాయ పట్టుకెళ్తాను. అన్నం ఎటూ ఉంటుందిగా."

"జాడీ పట్టుకుని ఆ దేశంలో అడుగు పెట్టనిస్తారో లేదో."

"మరి వైదేహి? తనూ ఏమీ ముట్టదుగా."

"వైదేహి అడ్జస్టవుతుంది" అన్నాడు మూర్తి.

వైదేహి ముఖం చూశాను. ఆ విషయం తనకూ అప్పుడే తెలిసినట్టుంది.

మే నెలాఖరులో మావాడు ఒక్కడే వంటింట్లోకి వచ్చాడు. పిండి గిన్నె పక్కన నిలబడి గరిటె అటూ ఇటూ తిప్పాడు. చిన్నప్పుడు సున్నా మార్కులు వచ్చిన రోజున ఇలాగే నిలబడేవాడు.

"అమ్మా, నువ్వే అంటూంటావుగా. ముగ్గురు కలిసి ప్రయాణం పెట్టుకోకూడదని."

అంటూంటాను. ఒకే ఇంట్లోంచి ముగ్గురు కలిసి బయల్దేరితే పని చెడుతుందని మా పెద్దవాళ్ళు చెప్పారు, నేనూ చెబుతాను. కానీ మెడికల్ కాలేజీలో సీటు వచ్చిన రోజు నుంచి నా శాస్త్రాలన్నీ మావాడికి మూఢనమ్మకాలే. తుమ్ము వినపడితే కాస్త ఆగి వెళ్ళరా అంటే, ఆగితే నిమోనియా వస్తుందా అని వెక్కిరించేవాడు. అలాంటివాడికి నడివయసులో, స్విండన్‌లో, వంటింట్లో ఇలా హఠాత్తుగా ధర్మం మీద గురి కుదిరింది! కన్నతల్లికి ఇంతకన్నా ఏం కావాలి?

"దానికి విరుగుడు ఉంది నాన్నా" అన్నాను. "ముగ్గురు తప్పనిసరైతే నాలుగోదిగా ఒక రాయిని వెంట తీసుకెళ్ళాలి. మా అత్తగారు తిరుపతి అలాగే వెళ్ళొచ్చింది. ఆ రాయి తర్వాత ఊరగాయ జాడీ మీద బరువుకు పనికొచ్చింది."

మావాడు ఈ సంగతి ఛైర్మన్‌కు నివేదించాడు. ఆ మరుసటి ఆదివారం మూర్తి తీరిగ్గా గొంతు సవరించుకున్నాడు.

"పిన్నిగారూ, కస్టమ్స్ వాళ్ళు ఈ రాయేంటని అడిగితే ఏం చెప్తాం?"

"నాలుగో మనిషని చెప్పు."

"వీసా ఏదంటారు."

అప్పుడు హైమ నోరు విప్పింది. మినిట్స్ రాస్తూ, తల ఎత్తకుండానే, "నేను ఉండిపోతానండీ. అత్తయ్యగారిని తీసుకెళ్ళండి" అంది.

హైమ కూడా ఎక్కడికి వెళ్ళింది కనుక? పెళ్ళయిన ఏడు గుంటూరు వదిలి, ఓడెక్కి ఈ దేశం వచ్చింది. ఇల్లు, సర్జరీ, ఇల్లు. చుంకింగ్ పుస్తకాన్ని లైబ్రరీవాళ్ళు అడిగేదాకా తిరిగి ఇవ్వకుండా తలగడ కింద పెట్టుకుంది. వద్దు, నువ్వు వెళ్ళు, నేనుంటాను అన్నాను. కాదు, మీరు వెళ్ళండి అంది. తనుంటానంటే నేను, నేనుంటానంటే తను. మొగవాళ్ళిద్దరూ గారెలు నములుతూ, తల ఇటూ అటూ తిప్పుతూ, టీవీలో టెన్నిసు చూసినట్టు మా త్యాగాలు చూశారు.

నిర్ణయం వాయిదా పడింది. నా పేరు కాగితం మీద పెన్సిలుతో ఉంది. పెన్సిలు ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు.

జూన్‌లో ఒక ఆదివారం మిస్ పామర్ వచ్చింది. ఆ లండన్ సంఘానికి మా ప్రాంతపు బాధ్యురాలు ఆవిడే. డెబ్బై దాటిన డాక్టరమ్మ, రిటైరై పక్క పల్లెలో ఉంటోంది, పెళ్ళి చేసుకోలేదు. వచ్చేవాళ్ళ పేర్లు ఖాయం చేసుకోవడానికి వచ్చింది. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే మావాడూ మూర్తీ బళ్ళో పిల్లల్లా లేచి నిలబడ్డారు. ఒకరు కుర్చీ లాగారు. ఒకరు అద్దాల బీరువాలోంచి మంచి కప్పులు తీశారు. ఆ బీరువా తాళం ఎక్కడుంటుందో మావాడికి తెలుసునని నాకు ఆరోజే తెలిసింది.

ఆవిడ గారె విరిచి, వాసన చూసి, తిని, ఇంకొకటి తీసుకుంది. హైమ వైపు తిరిగి, "మీ స్పెషాలిటీ ఏమిటి?" అని అడిగింది. నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాకపోయినా అర్థమవుతుంది. శాంత పుణ్యం.

"నేను ఆయన వైఫ్‌ని" అంది హైమ.

"అది స్పెషాలిటీ కాదమ్మాయ్. చలికాలంలో నాకు ఫ్లూ ఇంజెక్షన్ ఇచ్చింది మీరు కాదూ?"

హైమ ఒప్పుకుంది, తప్పు చేసినట్టు.

"మరి మీ పేరు డాక్టర్ల వరసలో లేదేం? మీరొక డాక్టరు, మీ వెంట ఇద్దరు. ఆయనొక డాక్టరు, ఆయన వెంట ఇద్దరు. ఈ ఇంటికి బోలెడు సీట్లున్నాయి."

ఇన్ని నెలలుగా ముగ్గురా, ముగ్గురైతే ఎలా, రాయి ఏమిటి అని తన్నుకున్నాం. ఈ ఇంట్లో డాక్టర్లు ఇద్దరున్నారన్న సంగతి కమిటీలో ఏ ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. హైమకే తట్టలేదు. మినిట్స్ రాసేవాళ్ళు డాక్టర్లెలా అవుతారు?

మిస్ పామర్ నా వైపు చూసింది. "ఈవిడ వస్తున్నారు కదా?"

"ఆవిడ మోకాళ్ళు..." అని మూర్తి మొదలుపెట్టాడు.

"నాకూ ఉన్నాయి మోకాళ్ళు" అంది ఆవిడ.

ఇక సీట్లు అడ్డం రావు, మెట్లు అడ్డం రావు, శాస్త్రం అడ్డం రాదు. అప్పుడు మావాడు నోరు తెరిచాడు.

"కానీ డాక్టర్ పామర్, మా పాప ఉంది. పదేళ్ళు. తనతో ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా."

అదీ అసలు సంగతి! ఎనిమిది నెలల కమిటీలో, అన్నన్ని మినిట్స్‌లో, శాంత పేరు ఒక్కసారి కూడా రాలేదు. గొడుగు వచ్చింది, రాహువు వచ్చాడు, పంది కొవ్వు వచ్చింది. పిల్లను ఎవరు చూస్తారన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఎందుకొస్తుంది? జవాబు మొదటి రోజునే వంటింట్లో నిలబడి మినప్పప్పు రుబ్బుతోంది. చుంకింగ్ మెట్లు ఎక్కలేవని తేల్చిన మోకాళ్ళు ఉన్నాయే, చుంకింగ్ ప్లాను మొత్తం నిలబడింది వాటి మీదే.

మిస్ పామర్ చేతులు తుడుచుకుంది.

"నిజమే. కానీ పాపకు తండ్రి ఉన్నాడు కదా. ఈసారికి వీళ్ళను రానివ్వండి. వసంతంలో రెండో బ్యాచి ఉంది, మీరు దాంట్లో వెళ్ళండి, అప్పుడు మీ భార్య ఉంటుంది. సరేనా డాక్టర్?"

"ఆఫ్‌కోర్స్, డాక్టర్ పామర్" అన్నాడు మావాడు.

అన్నాక విన్నాడు.

ఇది మీకు వివరంగా చెప్పాలి. ఈ దేశపు ఆస్పత్రుల్లో మన పిల్లలు నేర్చుకున్న వైద్యం సంగతి నాకు తెలియదు కానీ, ఈ ఒక్క మాట మాత్రం బాగా నేర్చుకున్నారు. క్రిస్మస్‌కు డ్యూటీ రోటాలో నీ పేరు వేశాం, పరవాలేదుగా? ఆఫ్‌కోర్స్. ఆ పై పోస్టు నీకన్నా వెనక వచ్చిన కుర్రాడికి ఇస్తున్నాం, ఇంకొన్నాళ్ళు ఆగుతావుగా? ఆఫ్‌కోర్స్. ఈ కేసు నువ్వే చూసుకో, నేను గోల్ఫుకు వెళ్ళాలి. ఆఫ్‌కోర్స్. తెల్ల పెద్ద డాక్టరు ఎవరైనా ఎదురుగా నిలబడి సరేనా అంటే చాలు, ఆ మాట మెదడుదాకా వెళ్ళదు, నాలుక మీదే తయారుగా ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ మాటతో పోగొట్టుకున్నవన్నీ వాడు ఒక్కడూ గదిలో కూర్చుని మింగాడు. నేను చూడలేదనుకున్నాడు. చూశాను. నాకు కడుపు తరుక్కుపోయేది.

కానీ ఈ ఒక్కసారి మాత్రం తరుక్కుపోలేదు.

ఇదే మాట నేనని ఉంటే ముసలిదాని మొండితనం అనేవారు. హైమ అంటే, ఈ దేశపు గాలి సోకిందనేవారు. మిస్ పామర్ అంది, అది పాయింటు అయింది. ఆవిడ పెన్నుతో డాక్టర్ హైమావతి అని రాసుకుని, కింద నా పేరు అడిగి రాసుకుని, గారె ఒకటి చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

కారు చప్పుడు దూరమయ్యేదాకా మావాడు ఆగాడు.

"నేను ఏదో మర్యాదకన్నానమ్మా."

"తెలుసు నాన్నా."

"ఆ సూదుల మత్తు నా సబ్జెక్టు. హైమకేం పని దాంతో?"

హైమ టెలిఫోను తెచ్చి వాడి ముందు పెట్టింది. "ఫోన్ చేసి కుదరదని చెప్పండి. నేనేమీ అనుకోను."

మావాడు టెలిఫోను వంక చూశాడు. మూర్తి వంక చూశాడు. మూర్తి మ్యాపు వంక చూశాడు. సర్జన్లను ఎదుటపెట్టుకుని మనుషుల ఊపిరి చేతిలో పట్టుకునే వాడు, ఒక తెల్ల ముసలావిడకు కాదని చెప్పడానికి రిసీవరు ఎత్తలేకపోయాడు. టీ చల్లారిపోయింది.

నేనూ హైమా ఆ సాయంత్రమే కూర్చుని మా ప్రయాణం సంగతి తేల్చుకున్నాం. రెండేసి నూలు చీరలు, మడమ జారని చెప్పులు, ఒక గొడుగు ఇద్దరికీ. "రాత్రుళ్ళు ఒకే గదిలో ఉంటే మీకు ఇబ్బందా అత్తయ్యగారూ?" అని అడిగింది. "నీకు గురక వచ్చా?" అని అడిగాను. తనకు తెలియదంది. అయిపోయింది. నాలుగు రోజుల ఊరికి ఇంకేం కావాలి?

కాబట్టి పాఠకులారా, మీ ఇంట్లో మొగవాళ్ళు ప్లాను వేస్తూంటే దయచేసి అడ్డు చెప్పకండి. వెయ్యనివ్వండి. కావలసినన్ని ఆదివారాలు ఇవ్వండి. అంత పెద్ద కాగితంలో, ఇల్లు నడిపేవాళ్ళలో ఎవరి పేరు లేదో ఒక్కసారి చూసుకోండి, చాలు. ఆ పేరు గలవాళ్ళు ఆ నాలుగు రోజులూ ఊళ్ళో లేమని చెబితే ఎన్ని కొండలు కదులుతాయో మీకే తెలుస్తుంది.

మా కమిటీ మాత్రం రద్దు కాలేదు. ప్రతి ఆదివారం కూర్చుంటూనే ఉంది. గ్యాస్ ఫైరు పైన చైనా మ్యాపు తీసేసి, మూర్తి ఇప్పుడు మా ఇంటి మ్యాపు అంటించాడు. నాలుగు రోజులు మావాడు శాంతతో ఇంట్లో ఉండాలి. దానికి ప్లాను. బడికి ఎవరు దింపాలి, రోటాలో ఎవరితో మార్చుకోవాలి, జడకు పాయలు రెండా మూడా, యూనిఫారం ఉతికితే ఆరేది ఎప్పుడు. చుంకింగ్‌కు గైడు ఉన్నాడు, దీనికి లేడు. అందుకే ఆలస్యమవుతోందట.

పోయిన ఆదివారం అన్నం దగ్గరికి వచ్చారు. ఒక గ్లాసు బియ్యానికి నీళ్ళు ఎన్ని అన్న ప్రశ్న మావాడు వేశాడు. పాత బియ్యానికా, కొత్త బియ్యానికా అన్న ప్రశ్న మూర్తి వేశాడు. పొంగు వచ్చాక మూత తీయాలా, ముందే తీసి ఉంచాలా అన్నదాని మీద ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. రేడియో టైమ్స్ పత్రిక చూస్తూ కార్పెట్టు మీద పడుకున్న శాంత తల ఎత్తింది.

"డాడ్, వై డోంట్ యూ జస్ట్ ఆస్క్ బామ్మ?"

నేను పక్క గదిలోనే ఉన్నాను, తలుపు తీసే ఉంది. ఇద్దరు డాక్టర్లూ అజెండా కాగితం పైనుంచి కిందిదాకా చూసుకున్నారు.

"ఆఖర్న, ఎనీ అదర్ బిజినెస్ కింద పెడదాం" అన్నాడు మూర్తి.